గుల్లలు ఏరుకునేవాళ్లు

తూటా పేలినప్పుడు ఖర్చయిపోయేవి మూడే: నిప్పు అంటించే ప్రైమర్, తుపాకి మందు, బుల్లెట్. నాలుగోది ఇత్తడి గుల్ల. వేడివేడిగా ఎగిరివచ్చి నేలమీద పడుతుంది. నాలుగింటిలో మామూలుగా ఎక్కువ ఖరీదు దానిదే. డాలస్ దగ్గర మేం వెళ్లే షూటింగ్ రేంజ్‌లో చాలామంది ఆ గుల్లలను చీపురుతో ఓ మూలకు తోసేసి కారెక్కుతారు. కొందరు మాత్రం నడుం వంచి, ఒక్కొక్కటే ఏరి, మూతి ఎలా ఉందో చూసి డబ్బాలో వేసుకుంటారు. మా బావ ఈ రెండో రకం. ఆయన వెనకాల తిరిగి తిరిగి నేనూ ఆ గుంపులో కలిశాను.

ఖాళీ గుల్లను శుభ్రం చేసి, కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, మందు, బుల్లెట్ పెట్టి మళ్లీ తూటా చేసుకోవడాన్ని రీలోడింగ్ అంటారు. ‘గరాజ్‌లో తూటాలు చేస్తున్నా’ అని ఫోన్లో చెబితే హైదరాబాద్‌లో మా పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘పోలీసులకు తెలుసా నాయనా?’ అంది. ఆవిడ భయానికి అర్థముంది. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తూటాలు తయారుచేయాలంటే లైసెన్సు ఉండాలి. విడిభాగాలను, తయారీ యంత్రాలను కూడా ఆ చట్టం తూటాల లెక్కలోకే తెస్తుంది. సరదా కోసం చేశానంటే వినేవాళ్లుండరు. అమెరికాలో పద్ధతి వేరు. సొంత వాడకానికి చేసుకునేవాడికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్ముకునే వ్యాపారం పెడితే మాత్రం కావాలి.

ఇక్కడ ఇది పాత అలవాటు. 1870లలో పడమటి మైదానాల్లో బైసన్‌లను వేటాడినవాళ్లు మందు పీపాలు, సీసం కడ్డీలు బండ్లమీద వేసుకుని వెళ్లి, పగలు కాల్చిన గుల్లల్ని రాత్రి గుడారం దగ్గర మళ్లీ నింపుకునేవారు. ఊళ్లు ఎక్కడో దూరాన ఉంటే మరి గతేమిటి? రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇదే పని ఇళ్లలోకి వచ్చింది. సైన్యం దగ్గర మిగిలిపోయిన మందును కాన్సాస్‌లో బ్రూస్ హాడ్జ్‌డన్ అనే ఆయన కొని, డబ్బాల్లో పోసి అమ్మడం మొదలుపెట్టాడు. నెబ్రాస్కాలో జాయిస్ హార్నడీ 1949లో బుల్లెట్ల వ్యాపారం పెట్టాడు. 1958లో విస్కాన్సిన్‌కు చెందిన రిచర్డ్ లీ, చిన్న పెట్టెలో పట్టే సామాను తెచ్చాడు. దానికి గుల్లను నొక్కి కొలతకు తెచ్చే ప్రెస్ అనే యంత్రం కూడా అక్కర్లేదు, సుత్తి ఉంటే చాలు. ఈ పేర్లన్నీ ఇప్పటికీ దుకాణాల అరల మీద కనిపిస్తాయి.

ఇంకో తమాషా ఉంది. ప్రైమర్లు ముఖ్యంగా రెండు రకాలు. రెండూ 1860లలో పుట్టాయి. ఒకటి ఇంగ్లండ్ సైనికాధికారి ఎడ్వర్డ్ బాక్సర్‌ది, రెండోది అమెరికా అంతర్యుద్ధంలో గురికాళ్ల దళాన్ని నడిపిన హైరమ్ బెర్డన్‌ది. చివరికి అమెరికా ఇంగ్లండ్‌వాడి పద్ధతికి అలవాటుపడింది, ఐరోపాలో చాలా చోట్ల అమెరికావాడి పద్ధతి పాతుకుపోయింది. ఇంట్లో తూటాలు చేసుకునేవాడికి ఇది నిజంగా కలిసొచ్చిన సంగతి. బాక్సర్ రకం గుల్లకు అడుగున నడిమధ్యన ఒకటే రంధ్రం ఉంటుంది. అందులోంచి సన్నని పుల్లతో పొడిస్తే పేలిపోయిన ప్రైమర్ ఊడి వచ్చేస్తుంది. బెర్డన్ రకంలో రెండు చిన్న రంధ్రాలు పక్కకు ఉంటాయి, పుల్ల దూరదు. అమెరికా అటు మొగ్గి ఉంటే మా గరాజ్‌లో ఈ బల్ల ఉండేది కాదేమో.

నేను నేర్చుకుంటానన్నప్పుడు బావ ప్రెస్ చూపించలేదు. లైమన్ వాళ్ల లావుపాటి హ్యాండ్‌బుక్ చేతిలో పెట్టాడు. ‘లెక్కల పట్టికలు తర్వాత, ముందున్న అధ్యాయాలు చదువుకుని రా’ అన్నాడు. ‘యూట్యూబ్‌లో చూశాను బావా’ అంటే, ‘చూసినవాళ్లని చాలామందిని చూశాను బావా’ అని నవ్వాడు. పుస్తకాలకు ఇంత మర్యాద ఎందుకో చదివాక తెలిసింది. ఏ గుల్లకు, ఏ బరువు బుల్లెట్‌కు, ఏ మందు ఎంతతో మొదలుపెట్టాలో, ఎంతకు మించకూడదో కంపెనీలు ప్రయోగశాలలో పీడనం కొలిచి అచ్చువేస్తాయి. ఆ పీడనానికి హద్దులు పెట్టే సంస్థ సామీ, 1926లో ఏర్పడింది. .308 విన్‌చెస్టర్ రైఫిల్ తూటాకు ఆ హద్దు చదరపు అంగుళానికి 62,000 పౌన్లు. మన కారు టైరులో ఉండేది 32, 35. ముఖానికి జానెడు దూరంలో అంత పీడనం పుట్టించబోతున్నప్పుడు, స్నేహితుడు చెప్పాడనో, మొబైల్లో ఎక్కడో చూశాననో అంకె వేసుకోవడం తెలివితక్కువ పని. కింది అంకెతో మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్లాలి. పట్టికలో లేని మందును, దగ్గరగా ఉందని ఇంకోదానికి బదులు వాడకూడదు.

అంత పీడనానికి ఇత్తడి గుల్ల ఏమవుతుందో చూడటంలోనే నాకు ఈ పని మీద మోజు పుట్టింది. పేలిన క్షణంలో గుల్ల ఉబ్బి తుపాకి గది గోడలకు అతుక్కుంటుంది. దాంతో వాయువు వెనక్కి రాకుండా దారి మూసుకుపోతుంది. మరుక్షణంలో కాస్త ముడుచుకుంటుంది, అందుకే బయటికి లాగగలుగుతాం. కానీ మొదటి కొలతకు పూర్తిగా రాదు. దాన్ని మళ్లీ కొలతకు తెచ్చేది ప్రెస్‌లో బిగించిన ఉక్కు డై. గుల్లకు పలచగా నూనె రాసి, షెల్ హోల్డర్‌లో నిలబెట్టి, పిడి కిందికి లాగితే గుల్ల డైలోకి దూరి బిగుసుకుంటూ వెళ్లడం అరచేతికి తెలుస్తుంది. నూనె తక్కువైతే మధ్యలో ఇరుక్కుంటుంది. ఎక్కువైతే భుజం దగ్గర చిన్న సొట్ట పడుతుంది. రెండు మూడు డబ్బాల గుల్లలు చేసేసరికి, ఏది తేలిగ్గా పోతోంది, ఏది మొరాయిస్తోంది అన్నది చెయ్యే చెబుతుంది.

రైఫిల్ గుల్ల ప్రతిసారీ కాస్త సాగుతుంది. కాలిపర్స్‌తో పొడవు కొలిచి, పెరిగింది కోసి, అంచు నున్నగా చేయాలి. మెడ దగ్గర ఇత్తడి పదే పదే నలిగి గట్టిపడి ఓనాడు నిలువునా చీలుతుంది. ఆ చీలిక కంటికి కనిపిస్తుంది, అవతల పారేస్తాం. కనిపించనిది అడుగు దగ్గర పలచబడటం. దానికి ఖరీదైన పరికరమేమీ వద్దు, పేపర్ క్లిప్పును తిన్నగా చేసి కొస వంచి గుల్లలోకి పోనిచ్చి గోడ వెంట గీస్తే చాలు. లోపల గాడి ఉంటే కొస తట్టుకుంటుంది. తట్టుకుందా, ఆ గుల్ల పని అయిపోయినట్టే. బావ అలాంటి గుల్లలను పారేసే ముందు పట్టకారుతో నొక్కేస్తాడు, పొరపాటున కూడా మళ్లీ డబ్బాలోకి రాకుండా.

తర్వాత ప్రైమర్. చేతిలో పట్టే చిన్న పరికరంతో బొటనవేలు నొక్కుడు మీద దాని గూట్లోకి దించుతాం. గుల్ల అడుగుకు సమంగానో, వెంట్రుకవాసి లోపలికో ఉండాలి. వేలితో తడిమి చూస్తాం. ఇంత పెద్ద పేలుడు మొదలయ్యేది ఇంత చిన్న బిళ్లతోనా అనిపిస్తుంది. కళ్లజోడు లేకుండా ఆ పెట్టె మూత తీయను.

మందును తూచేది గ్రెయిన్లలో. పౌనుకు 7,000 గ్రెయిన్లు, అంటే ఒక్కోటి సుమారు 65 మిల్లీగ్రాములు. మనకిది మరీ పరాయి కొలత కాదు. 1833లో కంపెనీ ప్రభుత్వం తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖాయం చేసింది. తులానికి 96 గురివింద గింజలెత్తు కాబట్టి, గింజ ఎత్తు రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ. మా తక్కెడ గ్రెయిన్‌లో పదో వంతు తేడా చూపిస్తుంది. బంగారం తూచే కంసాలి ఫ్యాను ఎందుకు ఆపేస్తాడో ఈ తక్కెడ ముందు కూర్చున్నాకే నాకు తెలిసింది. గరాజ్‌లో ఏసీ గాలి తగిలినా కాటా ఊగుతుంది.

ఇక్కడ భయపెట్టే విషయం ఒకటి చెప్పాలి. .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటా 1898 ప్రాంతంలో పాత నల్ల తుపాకి మందు కోసం పుట్టింది. ఆ మందు చాలా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి గుల్ల పెద్దది. ఇప్పుడు వాడే కొన్ని పొగరాని మందులు అదే పనికి గుల్ల అడుగున కొద్దిగా ఉంటే చాలు. ఫోన్ మోగి, తిరిగొచ్చి, అదే గుల్లలో రెండోసారి పోశారనుకోండి. పొంగిపొర్లదు, బుల్లెట్ హాయిగా కూర్చుంటుంది, తూటా బయటినుంచి చక్కగా కనిపిస్తుంది. తుపాకి మాత్రం చేతిలోనే పగిలిపోవచ్చు. అందుకే కొత్తవాళ్లు రెండోసారి పోస్తే గుల్ల నిండి పొర్లిపోయేంత చోటు పట్టే మందు ఎంచుకోవాలంటారు. అందుకే పోసిన గుల్లలన్నీ చెక్క దిమ్మెలో వరుసగా నిలబెట్టి, టార్చ్ వేసి, ప్రతి గుల్లలోకీ తొంగిచూశాకే బుల్లెట్ ముట్టుకుంటాం. బల్లమీద ఒక్క మందు డబ్బానే ఉంటుంది.

అసలు పోయకపోయినా ప్రమాదమే. ఓసారి రేంజ్‌లో పక్క బల్ల దగ్గర పిస్టల్ ‘టప్’మని చప్పగా మోగింది. ప్రైమర్ మాత్రమే పేలి, బుల్లెట్ గొట్టం మధ్యలో ఆగిపోయింది. ఆ కుర్రాడు అలవాటుగా స్లయిడ్ లాగి మళ్లీ గురిపెడుతున్నాడు. రేంజ్ ఆఫీసర్ అరిచిన అరుపుకు మా అందరి వేళ్లూ ట్రిగ్గర్ల మీంచి లేచిపోయాయి. తర్వాత కడ్డీ పెట్టి కొడితే సీసం ముద్ద బయటికొచ్చింది. అతనివి ఇంట్లో చేసిన తూటాలే. టీవీ చూస్తూ చేశానని అతనే చెప్పాడు.

బుల్లెట్ కూర్చోబెట్టడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. డై సరిగ్గా దిద్దుకుంటే పిడి ఒకసారి లాగడమే, మొత్తం పొడవు కొలుచుకోవడమే.

ఇక డబ్బు సంగతి. ఆదా అవుతుందని ఈ పనిలోకి దిగేవాళ్లే ఎక్కువ. 9 ఎంఎం లాంటి మామూలు తూటాలకైతే ఆదా దాదాపు లేదనే నా లెక్క. .45-70 లాంటి ముసలి తూటాలకు, దూరపు గురికి వాడే పెద్ద రైఫిల్ తూటాలకు మిగులుతుంది. కానీ ఆ మిగులుతో ఏం చేస్తాం? ఇంకా ఎక్కువ కాలుస్తాం. 2020, 2021లలో దుకాణాల్లో తూటాలు దొరకనప్పుడు గరాజ్ బల్ల ఉన్నవాళ్లు తెలివైనవాళ్లమనుకున్నారు. కొన్నాళ్లకే ప్రైమర్లూ దొరకడం మానేశాయి. అంతటితో ఆ తెలివి కూడా ఆగిపోయింది. ఈ పనిలో నిలబడేవాడు తూటాల ధర కోసం వచ్చినవాడు కాడని నా అభిప్రాయం. తలుపు తాళం వేశాక ఒకసారి లాగి చూసేవాడు, గ్యాస్ కట్టేశానా అని వెనక్కి వెళ్లి చూసొచ్చేవాడు, అలా చూడటంలో విసుగు లేనివాడు నిలబడతాడు. కాల్చేది పది నిమిషాలు. మిగతాదంతా చూసిందే మళ్లీ చూడటం.

అందుకే, గంటకు వందల తూటాలు దింపే ప్రోగ్రెసివ్ ప్రెస్‌తో మొదలుపెట్టేవాళ్లంటే నాకు దిగులు. అందులో పిడి లాగిన ప్రతిసారీ నాలుగైదు పనులు ఒకేసారి జరుగుతాయి. కన్ను ఒక్కచోటే ఉంటుంది. ఒక్కో పనీ విడిగా చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్ కొనుక్కోండి. నిదానం, చవక కూడా. చాలామందికి జీవితాంతం అదే సరిపోతుంది.

ఇంట్లోవాళ్ల సంగతీ చూడాలి. ప్రైమర్ మసిలో, బుల్లెట్లలో సీసం ఉంటుంది. మా అక్క పెట్టిన నియమం ఒకటే: ఆ బల్ల దగ్గర జంతిక ముక్క కూడా నోట్లో వేసుకోకూడదు, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే వంటింట్లోకి రావాలి. పిల్లలున్న ఇంట్లో గుల్లలను పొడి పొట్టుతో గిరగిరా తిప్పి తోమితే దుమ్ము లేస్తుంది. అందుకని మేం నీళ్లలో, సన్నని స్టీలు పుల్లలతో తోముతాం. మందు ఎప్పుడూ కంపెనీ డబ్బాలోనే ఉండాలి, ఖాళీగా ఉన్న ఇంకో సీసాలో పోసి పేరు రాద్దాం అనుకోకూడదు. అమెరికా అగ్నిమాపక ప్రమాణాల ప్రకారం ప్రత్యేకమైన చెక్క పెట్టె లేకుండా ఇంట్లో ఉంచుకోగలిగేది 20 పౌన్ల మందు, ప్రైమర్లకు హద్దు 10,000. ఊరినిబట్టి ఇంకా తక్కువ కూడా ఉండొచ్చు. ఇనుప బీరువాలో తాళం వేస్తే భద్రం అనిపిస్తుంది. నిజానికి బయట మంటంటుకుంటే పొగరాని మందు భగ్గున మండి ఊరుకుంటుంది, గట్టిగా బిగించిన ఇనుప పెట్టెలోనే పేలుతుంది. అందుకే నిల్వకు చెక్క పెట్టె వాడమంటారు.

‘మన హైదరాబాద్ షూటర్లు కూడా ఇలాగే చేసుకుంటారా’ అని కొందరు అడుగుతుంటారు. లేదు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో, అందులో మందే ఉండదు. 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో వాడే .22 తూటాకు పేలే పదార్థం గుల్ల అంచు లోపలే ఉంటుంది. ఒకసారి అంచు నలిగిందంటే ఆ గుల్ల మళ్లీ పనికిరాదు. ఆ స్థాయివాళ్లు రకరకాల లాట్‌లు పరీక్షించి, తమ తుపాకికి నప్పినదాన్ని కొనుక్కుంటారు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు చివరగా ఒక మాట. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లకు తుపాకే కాదు, తూటా దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఆ అడ్డు లేదు. రేంజ్‌లో స్నేహితుడి తుపాకితో సరదాగా నాలుగు తూటాలు కాలుద్దామనుకునే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. ప్రెస్ కొనడం గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.