పుంటికూరయు నెఱ్ఱసిరాయు

దిద్దుబాటు పనిలో నిరువది యేండ్లు గడపిన యుపాధ్యాయునకు బుద్ధికంటె కలమే ముందు నడచును. మాకును నదియే జరిగినది. మాధాపురము, గచ్చిబౌలి ప్రాంతముల గాజుమేడల నడుమనున్న యొక పాఠశాలలో "మా యింటి భోజనము" అను విషయముపై ఏడవ తరగతి పిల్లలచే వ్యాసములు వ్రాయించితిమి. ఒక బాలిక తన బాపమ్మ చేయు పుంటికూర పచ్చడిని, జొన్నరొట్టెను, ఆలుగడ్డ కూరను, కాల్చియిచ్చు మక్కకంకులను గూర్చి పుట నిండ వ్రాసినది. వాక్యములు చక్కగనే యున్నవి. మేము పుంటికూరను కొట్టి గోంగూర యనియు, ఆలుగడ్డను కొట్టి బంగాళాదుంప యనియు, మక్కలను కొట్టి మొక్కజొన్న యనియు దిద్ది మూడు మార్కులు తగ్గించితిమి. పుస్తకము చేత బుచ్చుకొని యా పిల్ల "సార్, మా బాపమ్మకు తెలుగు రాదా?" అని యడిగినది.

ఆ బాపమ్మను మేమెఱుగుదుము. నేడు కంప్యూటరు సంస్థల మేడలు లేచిన నేలలో నొకనాడు జొన్నచేను కోసిన కుటుంబమువారామె. ఆమెకు తెలుగు రాదని మా యెఱ్ఱసిరా తీర్పు చెప్పినది. ఆ తీర్పు న్యాయమా యని విచారించుటకే యీ వ్యాసము.

ముందుగా పుంటికూర సంగతి. ఇది గోంగూర యను మాటకు వికృతి కాదు. వేఱు పుట్టుక గల మాట. కన్నడిగులు ఈ యాకునే పుండి యందురు; మహారాష్ట్రులు అంబాడి యందురు; హైదరాబాదు నగరపు ఉర్దూలో నది అంబాడా. కాకతీయులు స్వతంత్రులు కాకమునుపు తెలంగాణమును కన్నడదేశమును కల్యాణి చాళుక్యుల యేలుబడిలో నొక్కటిగ నుండెను. సరిహద్దునకు ఈవల పుంటి, ఆవల పుండి యని వినబడుట వింత కాదు. ఆ చుట్టఱికమును తెలుపు మాటను తప్పని కొట్టుట, వంశవృక్షములో నొక కొమ్మను నఱకుటయే.

ఇక ఆలుగడ్డ. దీనిని "తురకమాట" యని యీసడించు పండితులను మేమెఱుగుదుము. ఒకప్పుడు మేమును నట్లే తలచితిమి. కాని దుంపలకు ఆలుకమను పేరు సంస్కృతమునందే కలదు. వైద్యగ్రంథములు పిండాలుకాదులను పేర్కొనును. ఈ మాట ఉత్తరదేశభాషల మీదుగ వచ్చి, మన గడ్డతో చేరి, ఆలుగడ్డ యైనది. బంగాళాదుంప యనునది దుంప ఏ దిక్కునుండి వచ్చినదని యాంధ్రతీరవాసులు తలచిరో చెప్పుచున్నది. రెండును సాక్ష్యములే. ఆ దుంప మాత్రము బంగాళమునను పుట్టలేదు, కాశిలోను పుట్టలేదు. దక్షిణామెరికా కొండలలో పుట్టినది.

మక్కలును నట్టివే. అమెరికానుండి వచ్చిన యీ ధాన్యమునకు హిందీలో మక్కా, మరాఠీలో మకా. తెలంగాణపు రైతు వినిన మాటను విన్నట్లే నిలుపుకొనెను. మొక్కజొన్న యనుటలో నా మక్కయే తెలిసిన మొక్కగ మాఱినదని తోచును. అట్లయినచో మేము మూలమును కొట్టి రూపాంతరమును సాధువని వ్రాసితిమన్నమాట!

ఇంతవఱకు శుద్ధవాదుల మాట. దీనికి తోబుట్టువైన మఱియొక పొరపాటు కలదు. మన వంటలన్నియు వేదకాలమునాటివని, మన పొయ్యిపై నున్నదెల్ల మునులు తిన్నదేనని చాటుట నేడొక వేడుక. ఆవకాయను ముందుంచుకొని యీ మాట పలుకువారు మిరపకాయ చరిత్రను మఱతురు. 1498లో వాస్కో డ గామా కాలికట్టున దిగినది మిరియములకొఱకు. ఆ వెనుక పోర్చుగీసు ఓడలు అమెరికానుండి మిరపను దెచ్చినవి. శ్రీనాథుడు పల్నాటి జొన్నకూటిని తిట్టెనని చాటువులు చెప్పును గాని, ఆ కూటిలో మిరపకారము నంజియుండడు. అప్పటికది యీ ఖండమున లేదు. తెలుగువాడు కొత్తకారమునకు పాతకారమైన మిరియము పేరునే సాగదీసి మిరపకాయ యనెను. తమిళుడు మిళగును మిళగాయ్ చేసెను. కన్నడిగుడు మెణసును మెణసినకాయి చేసెను. ముగ్గురక్కచెల్లెండ్రకు నొకే యాలోచన తోచినది. సీతాఫలమును నట్లే. ఐటీ మేడలు రాకమునుపు ఈ ఱాళ్లగుట్టలలో విరివిగ కాచిన యా ఫలము అమెరికా సొత్తు. మన స్త్రీలు దానిని సీతమ్మ పేరుతో నింటిదానిని చేసికొనిరి. పరదేశపు విత్తును ఆడుబిడ్డవలె నాదరించిన జాతి మనది. ఆ యాదరమును గర్వముగ చెప్పుకొనక, లేని ప్రాచీనతను చెప్పుకొననేల?

మాటలు పోవుటయు వచ్చుటయు మన యెఱుకకు మించినవి. పిల్లలు నారింజను "ఆరెంజి" యనినచో మనము కోపింతుము. కాని ద్రావిడమూలమని భాషావేత్తలు చెప్పు మాట సంస్కృతమున నారంగమై, పారసీకమున నారంగ్ అయి, అరబ్బున నారంజ్ అయి, స్పెయినుదేశము మీదుగ నింగ్లీషున ఆరెంజి యైనది. చింతపండును అరబ్బులు తమర్ హిందీ, అనగా హిందూదేశపు ఖర్జూరమనిరి. ఆ పేరే శాస్త్రనామములోనికి నెక్కినది. కాని ఆ చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా యని వృక్షశాస్త్రజ్ఞులు తేల్చిరి. 1908వ సంవత్సరము సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ వద్ద నొక చింతచెట్టు తన కొమ్మలెక్కిన నూఱుమందికి మించిన జనమును గాచెను. ఆ చెట్టును స్వదేశీయమా, పరదేశీయమా యని యడిగి యెవరును కొమ్మ పట్టుకొనలేదు.

అయినను శుద్ధమైన తెలుగు కావలెనను కోరిక తప్పా? కాదు. ఆ కోరిక ఈ దారిలోనే యొక గొప్ప కావ్యమును పండించినది. పదియాఱవ శతాబ్దమున పొన్నికంటి తెలగన అచ్చతెనుగున యయాతి చరిత్రమును రచించి, ఇబ్రహీం కుతుబ్ షా కొలువులోని పటాన్‌చెరువు అమీరు అమీన్‌ఖానునకు కృతి యిచ్చెను. సంస్కృతసమములను విడిచి తెలుగుమాటలతో కావ్యము నడపిన కవికి అండ ఒక మహమ్మదీయ ప్రభువు. మా విమర్శలో నిది ముఖ్యమైన యంశము: తెలగన నియమము తనకు తాను పెట్టుకొన్నది, ఒరుల నోరు మూయుటకు పెట్టినది కాదు. కవి స్వేచ్ఛతో చేసిన వ్రతమును ఉపాధ్యాయుడు శిక్షగ మార్చుట తగదు.

అదే పటాన్‌చెరువున 1972లో స్థాపితమైన అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగలపై పరిశోధనలు సాగించుచున్నది. అందలి విత్తననిధిలో నానాదేశములనుండి సేకరించిన లక్షకు మించిన నమూనాలు శీతలగృహములలో భద్రమై యున్నవి. గింజ చిన్నదని, రంగు తక్కువదని యొక్కటియు పాఱవేయరు. రేపటి తెగులునకు మందు ఏ పల్లె గింజలో నున్నదో యెవరెఱుగుదురు? ఇట్టి నిధికి పొరుగున నుండి, మేము పల్లె మాటలను సిరాతో చంపుచుంటిమి.

ఇందు మఱియొక యన్యాయమును గలదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించెను. నాటినుండి యీ హైటెక్ సిటీ భోజనశాలలలో జొన్నరొట్టె "మిల్లెట్" అను పేరుతో గొప్ప వెలకు అమ్ముడగుచున్నది. ఒకనాడు పేదకూడని చూచిన బాపమ్మ రొట్టెకు గౌరవము వచ్చినది; ఆమె మాటకు మాత్రము రాలేదు. తిండిని గైకొని నాలుకను త్రోసిపుచ్చుట ఏపాటి సంస్కారము?

తెలంగాణమున కవులు లేరను నిందకు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించి బదులు చెప్పిరి. ఆయనయే 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రములో కావ్యములను రాజుల కీర్తికొఱకు గాక, జనుల తిండి, బట్ట, ఆటలకొఱకు చదివి చూపిరి. ఆ గ్రంథము నేర్పిన పాఠమిది: కూరగాయ పేరొక శాసనమువంటిది. శాసనమును చదువవలెను గాని చెక్కి దిద్దరాదు.

"అట్లయిన పరీక్షలలో నొక సామాన్యభాష వలదా?" అని కొందఱు మిత్రులడిగిరి. వలయును. శ్రీకాకుళపు పిల్లయు, ఆదిలాబాదు పిల్లయు నొకే బల్లపై కూర్చుండు నీ ప్రాంతమున నది మఱియు నవసరము. కాని పుంటికూర ప్రక్కన గోంగూరను వ్రాసి రెండును నేర్పుట వేఱు. ఒకదానిని కొట్టి రెండవదానిని నిలుపుట వేఱు. మొదటిది చదువు చెప్పుట. రెండవది యిల్లు మఱపించుట. వాక్యము చెడినచో మార్కు తగ్గింపుడు. వంటింటి మాటకు తగ్గింపకుడు.

గృహిణులకును మాదొక మనవి. మీ యింట పెద్దలు ఆకులకు, కాయలకు, గింజలకు వాడు పేళ్లను పిల్లలచే నొక పుస్తకమున వ్రాయింపుడు. ఏ యూరి మాటయో ప్రక్కన గుర్తింపుడు. ఈదులనాగులపల్లి యను పేరు వినినపుడు, ఈతచెట్టును ఈదు చెట్టని పిలుచు పెద్దలు ఇంట లేనిచో, ఆ యూరి పేరులోని చెట్టు పిల్లవానికి కనబడదు. చెట్లు పోయిన చోట పేళ్లును పోయినచో మిగులునది దారి చూపు పలక మాత్రమే.

మఱునాడు మేమా పుస్తకమును తెప్పించి మా దిద్దుబాట్లను కొట్టివేసి మూడు మార్కులు మరల వేసితిమి. బాలిక యేమియు ననలేదు. వారము దినముల పిమ్మట నొక చిన్న డబ్బాలో పచ్చడి తెచ్చి బల్లపై నుంచినది. "ఏమి పచ్చడి తల్లీ?" అని యడిగితిమి. ఒక్క నిమిషము మా ముఖము చూచి, "పుంటికూర, సార్" అని చెప్పినది.