బటర్ పేపర్ మంచు

మోండా మార్కెట్‌లో కూరగాయల గంపలు దాటి సందులోకి తిరిగితే ఓ కాగితాల దుకాణం. అన్నిటికన్నా పల్చని బటర్ పేపర్ కావాలన్నాను.

"మిఠాయిలకా సార్, డ్రాయింగుకా?"

"పొగమంచుకు."

ఆయన నన్ను ఎగాదిగా చూసి నాలుగు షీట్లు చుట్టి చేతికిచ్చాడు.

'పొగమంచులో ముళ్ళపంది' చూసినప్పటి నుంచీ నాకీ పిచ్చి. సెర్గేయ్ కోజ్లోవ్ రాసిన పిల్లల కథను యూరీ నోర్‌స్టైన్ 1975లో మాస్కో సోయుజ్‌ముల్ట్‌ఫిల్మ్ స్టూడియోలో సినిమాగా తీశాడు. నేస్తం ఎలుగుపిల్లతో కూర్చుని చుక్కలు లెక్కపెట్టడానికి ముళ్ళపంది జామ్ మూటకట్టుకుని బయల్దేరుతుంది. దారిలో మంచులోకి దిగి తప్పిపోతుంది. అంతే కథ, పదిన్నర నిమిషాలు.

బొమ్మలు నోర్‌స్టైన్ భార్య ఫ్రాంచెస్కా యార్బూసొవావి. కత్తిరించిన ముక్కల్ని అంతస్తులుగా పేర్చిన గాజుపలకల మీద పరిచి, వెంట్రుకవాసి జరుపుతూ ఒక్కో ఫ్రేమూ తీశారు. మరి మంచు? బొమ్మ మీద పల్చని కాగితం వేసి, ఫ్రేముకింత చొప్పున కెమెరా వైపు ఎత్తుకుంటూ పోయారు. కాగితం బొమ్మకు అంటుకుని ఉన్నంతసేపూ ముళ్ళు లెక్కపెట్టొచ్చు. పైకి లేచేకొద్దీ అంతా తెల్లబడిపోతుంది.

ఈ కిటుకు మన తోలుబొమ్మలాట వాళ్ళకు కొత్తేం కాదు. బొమ్మను తెరకు అదిమితే చెవిపోగు కూడా కనిపిస్తుంది, వెనక్కి లాగితే అంచులు చెదిరి నీడ మిగులుతుంది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు నేను సంబరపడింది సగం ఈ ముళ్ళపంది తరఫునే! ఇప్పటి కంప్యూటర్ మంచు నాకు సాంబ్రాణి పొగలా ఉంటుంది. నా పక్షపాతమే అనుకోండి.

ఆ మంచు నేనూ తీద్దామని ఇంట్లో కాగితం ముళ్ళపందిని పరిచి, పుస్తకాల దొంతర మీద ఫోన్ పెట్టాను. సెకనుకు 12 ఫొటోలు, 10 సెకన్లకు 120. డెబ్బయ్యో ఫొటో దగ్గర మనవరాలు వచ్చి "ఉక్కగా ఉంది తాతా" అని ఫ్యాన్ వేసింది. కాగితం గోడకు, ముళ్ళపంది మంచం కిందకి. మళ్ళీ మొదలుపెట్టి పూర్తిచేశాం. తీరా చూస్తే మంచు కమ్మలేదు, కాగితం లేచింది! నా వేలు తొందరపడింది. మూడోసారి, కాగితం అంచుల కింద అట్టముక్కలు ఒక్కొక్కటే దూర్చి ఎత్తాం. అప్పుడు కమ్మింది. రెండు సెకన్లపాటే, కానీ నిజంగా కమ్మింది.

ఆ రెండు సెకన్లూ దుకాణాయనకు ఫోన్లో చూపించాను. "ఇంకా పల్చటిది ఉన్నది సార్, ముందే చెప్పాల్నా లేదా" అన్నాడు.

ఇంట్లో పిల్లలుంటే మీరూ చేసి చూడండి. ఫ్యాన్ మాత్రం కట్టెయ్యండి.