కొలత పుట్టిన వేళ

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ పగలూ రాత్రీ ఒకేలా ఉండదు. ఎండ ఉన్నంతసేపు నీటిలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది. పొద్దుగుంకాక ఆ నాచూ, రొయ్యలూ, అడుగు మట్టిలోని బాక్టీరియా అన్నీ కలిసి దాన్ని పీల్చుకుంటూ పోతాయి. పొద్దు పొడవడానికి కాస్త ముందు అది అన్నిటికన్నా తక్కువకు దిగుతుంది. రైతులు డీవో అని పిలిచే ఈ అంకె లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి జారితే రొయ్యకు కష్టకాలమే. ఏరేటర్లు రాత్రంతా తిరిగేది అందుకే.

చెరువులో సెన్సర్ దించి నిమిషానికో రీడింగు తీస్తే రోజుకు 1,440 అంకెలు వస్తాయి. వాటిలో 4.2 అనే అంకె ఉందనుకోండి. మధ్యాహ్నం రెండింటికి వచ్చిన 4.2 అయితే చెరువులో ఏదో తేడా జరుగుతోందని అర్థం. తెల్లవారుజామున ఐదింటికి వచ్చినదైతే ఆ రాత్రి గండం దాదాపు గడిచినట్టే. వేళ తెలియకపోతే ఆ అంకెకు విలువ లేదు. టైమ్ సిరీస్ డేటాబేస్ పుట్టిందే ఈ అవసరం కోసం. అప్లికేషన్‌ను దానికి కలిపే క్లయింట్ లైబ్రరీ పనితనాన్ని కూడా నేను ఈ ఒక్క గీటురాయి మీదే చూస్తాను: కొలత పుట్టిన వేళను అది చెడకుండా చేరవేస్తోందా?

అంకెను దాని వేళతో కలిపి దాచే సంప్రదాయం పాతదే. 1999లో టోబియాస్ ఊటికర్ విడుదల చేసిన ఆర్‌ఆర్‌డీటూల్ ఒక ఫైలును చక్రంలా తిప్పుతూ పాత అంకెల మీద కొత్తవి రాసేది. ఆర్బిట్జ్ సంస్థలో 2006లో క్రిస్ డేవిస్ మొదలుపెట్టిన గ్రాఫైట్‌కు పేరు, విలువ, సమయం ఒక వరుసలో రాసి పంపితే చాలు. 2012లో సౌండ్‌క్లౌడ్‌లో మొదలైన ప్రొమీథియస్ దారి వేరు. అక్కడ అప్లికేషన్ ఏమీ పంపదు. సర్వరే వచ్చి అంకెలు తీసుకుపోతుంది, మామూలుగా తాను వచ్చిన వేళనే వాటికి వేసుకుంటుంది. డేటా సెంటర్‌లో అది చక్కగా నడుస్తుంది. రాత్రి నెట్ పోయి పొద్దున వచ్చే చెరువు గట్టుకు మాత్రం నేను దాన్ని సిఫారసు చేయను.

2013లో పాల్ డిక్స్ బృందం మొదలుపెట్టిన ఇన్‌ఫ్లక్స్‌డీబీ గ్రాఫైట్ దారినే విస్తరించింది. దాని రెండో వెర్షనుకు ఒక రీడింగు ఇలా వెళ్తుంది:

చెరువు,గట్టు=తూర్పు ఆక్సిజన్=4.2,ఉష్ణోగ్రత=24.8 1735689600000000000

ఈ వరుసలో తెలుగు అక్షరాలున్నా సర్వర్ తీసుకుంటుంది. మొదటిది కొలత పేరు. కామా తర్వాతది ట్యాగు, అంటే ఈ రీడింగు ఎక్కడిది అనే గుర్తు. ఖాళీ తర్వాత అసలు అంకెలు. చివరి పొడవాటి సంఖ్య 1970 జనవరి 1 నుంచి గడిచిన నానోసెకన్లు. ఇక్కడ అది మన గడియారంలో 2025 జనవరి 1 ఉదయం 5:30. ట్యాగుల మీద సూచిక ఉంటుంది కాబట్టి వెతుకులాట వేగంగా జరుగుతుంది. కానీ ట్యాగుల ప్రతి కొత్త కలయికా ఒక కొత్త సిరీస్ అవుతుంది. చెరువు నంబరు ట్యాగుగా ఉండాల్సిందే. రీడింగు క్రమసంఖ్యను కూడా ట్యాగు చేస్తే సిరీస్‌లు లక్షల్లో పెరిగి సర్వర్ మెమరీని మింగేస్తాయి.

పైతాన్‌లో కనెక్షన్ పెట్టడానికి సర్వర్ చిరునామా, టోకెన్, సంస్థ పేరు, అంకెలు చేరాల్సిన బకెట్ పేరు ఉంటే సరిపోతుంది. క్లయింట్‌ను ఒక్కసారి తయారుచేసుకుని ప్రోగ్రామ్ నడిచినంతకాలం వాడుకోవాలి, రీడింగుకో కొత్తది తెరవకూడదు. టోకెన్‌ను కోడ్‌లో రాయకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టాలి. గట్టు మీది పరికరానికి రాసే హక్కు మాత్రమే ఉన్న టోకెన్ ఇస్తే పెట్టె దొంగల పాలైనా మిగతా డేటాను వాళ్లు చదవలేరు.

అసలు పనితనం పంపడంలో ఉంది. లైబ్రరీ రీడింగులను ఒక్కొక్కటిగా పంపదు, షేర్ ఆటోలాగా నిండాక గానీ వేళయ్యాక గానీ కదులుతుంది. ఏదీ మార్చకపోతే వెయ్యి వరుసలు పోగైనా, ఒక సెకను గడిచినా మూట బయల్దేరుతుంది. సర్వర్ అందుకుంటే 204 అనే జవాబు వస్తుంది. అందకపోతే లైబ్రరీ ఐదు సెకన్ల దగ్గర మొదలుపెట్టి విరామం పెంచుకుంటూ ఐదుసార్లు, మొత్తం మీద మూడు నిమిషాల వరకు మళ్లీ ప్రయత్నిస్తుంది. ఊళ్లో కరెంటు వచ్చిన మరుక్షణం చెరువులన్నీ ఒకేసారి సర్వర్ మీద పడకుండా ప్రతి పరికరానికీ కొంత యాదృచ్ఛిక ఆలస్యం కలిపే ఏర్పాటు కూడా ఉంది. దాన్ని మనమే అడిగి పెట్టించుకోవాలి.

ఆ మూడు నిమిషాలు దాటితే? మూట పోతుంది. అది మెమరీలోనే ఉంటుంది కాబట్టి పరికరం ఆగినా పోతుంది. పైగా మూటలు పంపే పని వెనక మరో థ్రెడ్‌లో జరుగుతుంది, అందువల్ల రాయమన్న ఫంక్షన్ ఏ ఫిర్యాదూ లేకుండా తిరిగొస్తుంది. అంకెలు పోయిన సంగతి అప్లికేషన్‌కు తెలియదు. అందుకే విజయానికీ వైఫల్యానికీ కాల్‌బ్యాక్‌లు తప్పక పెట్టాలి. ప్రతి రీడింగునూ ముందు పరికరంలోనే ఎస్‌క్యూలైట్‌లో రాసి, విజయం కాల్‌బ్యాక్ వచ్చాకే అక్కడ చెరిపేయాలి. నెట్ రాత్రంతా లేకపోయినా, పొద్దున అక్కడ మిగిలినవాటిని మళ్లీ పంపితే వరుసలన్నీ తమ అసలు వేళలతో వెళ్తాయి. చెరువు గట్టున ఇంతకన్నా తక్కువ జాగ్రత్త నాకు సమ్మతం కాదు.

ఇక్కడే వేళ మరో మేలు చేస్తుంది. కొలత పేరు, ట్యాగులు, సమయం మూడూ ఒకటైతే సర్వర్ రెండో వరుసను కొత్తగా చేర్చదు, పాతదాని మీదే రాస్తుంది. 204 దారిలో తప్పిపోయి అదే మూట మళ్లీ వెళ్లినా నష్టం లేదు. సమయం రాయకుండా పంపితే సర్వర్ తన గడియారం వేస్తుంది. అప్పుడు ఒక్క కొలత రెండు వేళల్లో రెండుగా కనిపిస్తుంది. రాత్రి రెండింటి అంకె పొద్దున ఆరింటిదై కూర్చుంటుంది.

మన దేశంలో కాచుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. టైమ్ జోన్ చెప్పకుండా స్థానిక సమయం ఇస్తే పైతాన్ లైబ్రరీ దాన్ని యూటీసీ అనుకుంటుంది. మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి రీడింగులు భవిష్యత్తులో పడతాయి. గత గంట చూపమంటే ప్రశ్న ఇప్పటిదాకానే వెతికి ఖాళీ చేతులతో వస్తుంది. రాత జరిగింది, 204 వచ్చింది, తెర మీద మాత్రం ఏమీ లేదు. సమయం సృష్టించేటప్పుడే టైమ్ జోన్ తగిలిస్తే ఈ గొడవ ఉండదు. అంకె రకం విషయంలోనూ అలాంటి శ్రద్ధే కావాలి. మొదటి రీడింగు పూర్ణాంకం 4 గా వెళ్తే ఆ ఫీల్డు పూర్ణాంకంగా స్థిరపడుతుంది, తర్వాత వచ్చే 4.2 ను సర్వర్ తిరస్కరిస్తుంది. పైతాన్‌లో ప్రతి అంకెనూ దశాంశంగా మార్చి పంపడం మంచిది. జావాస్క్రిప్ట్ లైబ్రరీలో దశాంశానికీ పూర్ణాంకానికీ విడివిడి ఫంక్షన్లు పెట్టారు. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది.

అంకెలు తిరిగి తీసేటప్పుడు రోజుకొక సగటు అడిగితే తెల్లవారుజామున పడిన గుంట మధ్యాహ్నపు ఎత్తులో కలిసి మాయమవుతుంది. అడగాల్సింది కనిష్ఠం. ఆ రోజును కూడా డేటాబేస్ యూటీసీ అర్ధరాత్రి దగ్గర, అంటే మనకు సరిగ్గా 5:30కి, ఆక్సిజన్ అడుగంటే వేళకే కోస్తుంది. ఒకే రాత్రి గండం రెండు రోజుల ఖాతాల్లో పడి, రెండు చెడ్డ రాత్రులు గడిచినట్టు కనిపిస్తుంది. టైమ్ జోన్‌ను కోల్‌కతాగా మార్చితే కోత అర్ధరాత్రికి జరుగుతుంది గానీ రాత్రి అప్పుడూ రెండు ముక్కలే. చెరువుకు సరిపడేది మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నం దాకా లెక్క. రోజు కోతను యూటీసీ అర్ధరాత్రి నుంచి ఆరున్నర గంటలు ముందుకు జరిపితే రాత్రి మొత్తం ఒకే ఖాతాలోకి వస్తుంది.