వాదరకు మట్టి పూత

తార్నాక చౌరస్తా దాటి ఉస్మానియా వైపు మళ్లితే ఇఫ్లూ వస్తుంది. జపనీస్ నేర్పే చోటు. ఆ దగ్గర్లో చాయ్ తాగుతుంటే ఓ కుర్రాడి బ్యాగుకు సమురాయ్ బొమ్మ వేలాడుతూ కనిపించింది. "సమురాయ్ అసలు ఆయుధం ఏది బాబూ?" అన్నాను. "కటానా సార్!" అన్నాడు ఠక్కున.

కాదు, విల్లు. తొలినాటి సమురాయ్‌లు గుర్రం మీంచి బాణాలు వేసే రౌతులు. వాళ్ల 'యుమి' మనిషిని మించిన పొడవు. పట్టు మాత్రం నడిమధ్య ఉండదు, కింది నుంచి దాదాపు మూడో వంతు దగ్గర ఉంటుంది. కింది కొమ్మ పొట్టి కాబట్టి గుర్రం మీద విల్లు అటూ ఇటూ తిప్పడం తేలిక. తర్వాత ఈటెలు వచ్చాయి, 1543లో పోర్చుగీసుల తుపాకీ వచ్చింది. కత్తికి ఇంత కీర్తి దక్కింది ఎక్కువగా యుద్ధాలు ఆగిన ఎడో కాలంలోనే.

అయినా ఆ కత్తి తయారీ చూడాల్సిందే. ఇసుకలా ఉండే ఇనుప ఖనిజాన్ని, బొగ్గును మట్టికొలిమిలో మూడు పగళ్లు, మూడు రాత్రులు కాలుస్తారు. ఆనక కొలిమినే పగలగొట్టి ఉక్కు తీస్తారు. అది ఒకచోట పెళుసు, ఒకచోట మెత్తన. అందుకే సమ్మెటతో సాగగొట్టి మడతపెడతారు, మళ్లీ సాగగొడతారు. పన్నెండు మడతలకే నాలుగు వేల పొరలు దాటుతాయి. మడతలు సోకు కోసం కాదు, ఉక్కంతా ఒకే తీరుగా రావడానికి.

అసలు కిటుకు చివర్లో ఉంది. కత్తి వెన్నుకు మందంగా, వాదరకు పల్చగా మట్టి పూస్తారు. ఎర్రగా కాల్చి చుయ్‌మని నీళ్లలో ముంచుతారు. వాదర చటుక్కున చల్లారి గట్టిపడి, కాస్త ఉబ్బుతుంది. వెన్ను నిదానంగా చల్లారి, దెబ్బకు విరగని మెత్తదనం నిలుపుకుంటుంది. ఆ తేడా వల్లే కత్తి వెన్ను వైపుకు వంగుతుంది. కటానా వంపులో చాలా భాగం సమ్మెట పని కాదు, నీళ్ల పని.

మన దారి వేరు. నిజామాబాద్ జిల్లా కొనసముద్రం కమ్మరులు ఇనుమును మట్టిమూసలో పెట్టి, మూతి మూసి, కరిగిందాకా కాల్చి, నెమ్మదిగా చల్లార్చేవారు. మడతల అవసరమే లేదు. కత్తిగా సాగగొట్టాక ఆ ఉక్కులోంచే నీటి అలల్లాంటి చారలు తేలేవి. రెండు వందల ఏళ్ల కిందట సర్వే పని మీద వచ్చిన వాయ్‌సీ అనే ఆంగ్లేయుడు, ఈ ఉక్కు కోసం ఇస్ఫహాన్ వర్తకులు ఆ ఊరికి వచ్చేవారని రాసిపెట్టాడు.

ఆ తర్వాత మన కొలిములు ఆరిపోయాయి. జపాన్‌లోనూ 1876లో నడుముకు కత్తి కట్టుకోవడాన్ని నిషేధించారు. కానీ సాధన వెదురు కత్తితో కెండోగా నిలిచింది. ఆరిపోయిన కొలిమిని 1977లో షిమానేలో మళ్లీ వెలిగించారు. నా లెక్కలో కటానా గొప్పతనం పదునులో కన్నా ఇలా విద్యను నిలుపుకోవడంలోనే ఎక్కువ. మన ఉక్కేమీ తక్కువది కాదు. దాన్ని అడిగి నేర్చుకునే శిష్యుడే లేకపోయాడు.

కుర్రాడికి ఇదంతా చెబితే కొనసముద్రం ఎక్కడని ఫోన్లో వెతికాడు. మీరూ వెతకండి. అక్కడ మిగిలినవి చిట్టెం కుప్పలూ మూసల పెంకులూ. వాటిని ఎవరో రోడ్డు పనికి ఎత్తుకుపోకముందే ఒకసారి వెళ్లి చూసి రండి.