గొర్రెలు పండుకున్నాక

బెంగుళూరులో మా ఆఫీసులో శుక్రవారం మధ్యాహ్నం దాటితే కొండల కబుర్లు మొదలవుతాయి. ఎవరో ఒకరు కొత్త టెంటు కొని ఉంటారు. మొన్నామధ్య ఒక కుర్రాడు నాది తనకల్లు అని తెలుసుకుని, ఫోన్లో మ్యాపు తెరిచి, కదిరికీ మదనపల్లెకూ మధ్య ఉన్న గుట్టలన్నీ చూపించి, "ఇవన్నీ గవర్నమెంటువే కదా, ఫ్రీగా టెంటు వేసుకోనిస్తారా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు. ఆ గుట్టల కిందే పుట్టి పెరిగాను. మా మామ ఆ గుట్టల మీదా, వాటి కింది చేలల్లోనూ ఎన్ని వందల రాత్రులు పడుకున్నాడో లెక్క లేదు. దాన్ని ఎవరూ క్యాంపింగ్ అనలేదు. మామ గొర్రెలు మేపేవాడు.

ఆ ప్రశ్న మనసులో పెట్టుకునే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' మళ్ళీ తీశాను. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందిన నవల. 2021 అక్టోబరులో క్రిష్ దీన్ని సినిమాగా తీశాడు. మొదటిసారి చదివినప్పుడు తిండి కూడా మానేసి ఒక రాత్రిలో పూర్తి చేసి, కనిపించినవాళ్ళందరికీ చదవమని చెప్పాను. రెండోసారి అలా పరుగు తీయలేకపోయాను. కొన్నిచోట్ల ఆగి పుస్తకంతో గొడవ పడ్డాను. ఆ గొడవే ఇది.

చదవనివాళ్ళకు రెండు ముక్కలు. కడప కరువు పల్లెల్లో గొర్రెలకు మేత, నీళ్ళు లేకుండా పోయినప్పుడు కాపరులు మందల్ని నల్లమలకు తోలుకుపోయి వారాల తరబడి అక్కడే ఉండి మేపుకొస్తారు. దానికే కొండపొలం అని పేరు. బీటెక్ చదివి, హైదరాబాదులో ఉద్యోగం దొరక్క, నలుగురిలో నోరు విప్పడానికే భయపడే రవి ఊరికి తిరిగొస్తాడు. నాయన గురప్పతో కలిసి మంద వెంట అడవికి పోతాడు. కొండలూ, పులీ, చెట్లు నరికే దొంగలూ చూస్తాడు. వేరే మనిషై వస్తాడు. ఆ అడవే అతన్ని అటవీశాఖ ఉద్యోగం వైపు నడిపిస్తుంది.

తెలుగులో ఆరుబయట బతకడం గురించి ఇంత దగ్గరగా రాసిన నవల నాకు ఇంకోటి తెలీదు. మన తొలి యాత్రాగ్రంథం ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. 1830 మే నెలలో మద్రాసులో బయల్దేరి, పదిహేను నెలలు తిరిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిన మనిషి రాసిన పుస్తకం. దాన్నిండా మజిలీలే. ఏ ఊళ్ళో దిగారు, నీళ్ళు ఎలాంటివి, దుకాణాలు ఉన్నాయా లేదా. నాకు చాలా ఇష్టమైన పుస్తకమే. కానీ అక్కడ డేరా వేసేవాళ్ళు వేరు, డేరాలో పడుకుని ఆ రోజు సంగతులు రాసుకునేవాళ్ళు వేరు. పల్లకీ మోసిన బోయీలు రాసిన కాశీయాత్ర మనకు లేదు. 'కొండపొలం'లో నడిచేవాళ్ళూ, మోసేవాళ్ళూ, మేలుకునేవాళ్ళూ వాళ్ళే. అందుకే ఆ నవల నీళ్ళ కోసం వెతికే చోట, పొద్దు వాలకముందే మంద నిలపడానికి చోటు చూసుకునే చోట, కడప యాసలో ఒకరినొకరు తిట్టుకుంటూ ఎగతాళి చేసుకునే చోట, చదువుతున్నట్టు ఉండదు. పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

మావైపు కొండపొలం అనే మాట మా ఇంట్లో ఎవరూ వాడగా వినలేదు. నల్లమల మాకు చాలా దూరం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. అదీ శెనక్కాయ పైరుకు కావలసిన వారం వదిలేసి పడుతుంది. మామ మందను గుట్టల మీద మేపి, రాత్రి రైతుల చేలల్లో నిలిపేవాడు. ఎరువు కోసం రైతు ఇంత గింజలో, ఇంత డబ్బో ఇచ్చేవాడు. వల కట్టి మందను లోపలికి తోలి, చిన్న పిల్లల్ని గంపల కింద మూసి, సంగటి తిని, కంబళి పరుచుకునేవాడు. చిన్నప్పుడు రెండు మూడు రాత్రులు నేనూ అక్కడ పడుకున్నాను. పడుకున్నాననే అనుకున్నాను గానీ మామ పడుకోవడం చూసిన గుర్తు లేదు.

పోయిన సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు నా టెంటు తీసుకెళ్ళాను. మా చేలోనే వేశాను, పిల్లలు సరదాపడతారని. మామ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. జిప్పు తీసి లోపలికి తొంగి చూశాడు.

"బాగుంది అల్లుడా. కానీ దీంట్లో పండుకుంటే మంద కనపడేదెట్ల?"

నేను నవ్వాను. తర్వాత చాలాసేపు ఆ మాటే బుర్రలో తిరిగింది. టెంటు అనేది తనను తాను తప్ప ఇంకెవరినీ కాపాడుకోనక్కర్లేని మనిషి కోసం చేసిన వస్తువు. నాలుగు పక్కలా మూసుకుంటే నిద్ర పడుతుంది. కాపరికి అది కుదరదు. కుక్క అరుపులో తేడా వినపడాలి. తోడేలు వాసన తగిలి మంద ఒక్కసారిగా లేస్తే, ఆ చప్పుడుకు తనూ లేవాలి. వాన పడుతున్నా ముఖం బయటే ఉండాలి. ఒకే కొండ మీద ఒకే రాత్రి గడిపిన ఇద్దరు మనుషులు రెండు వేరే రాత్రులు గడుపుతారు.

'కొండపొలం'లో నాకు అన్నిటికన్నా నచ్చిన పేజీలు ఈ తేడా తెలిసి రాసినవి. అక్కడ ఎవరూ తమను తాము వెతుక్కోవడానికి కొండకు రాలేదు. గొర్రెలు బతకాలని వచ్చారు. గొర్రె కడుపు నిండిందా లేదా అన్నదే ఆ రోజు మంచిదో కాదో చెబుతుంది. రచయిత అది మర్చిపోనంతసేపూ నవల ఎక్కడా జారదు.

జారేది రవి దగ్గర. అతని భయం ఒక జబ్బు, అడవి దానికి మందు అన్నట్టు కథ అల్లుకుంటుంది. ప్రతి ప్రమాదమూ అతనికొక పాఠం. పులి ఎదురుపడటం కూడా చివరికి అతని ధైర్యాన్ని కొలిచే గుర్తుగా మిగిలిపోతుంది. మిగతా కాపరులు, వాళ్ళు ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న తెలివీ, ఆఖరికి వాళ్ళ నాయన కూడా ఈ కుర్రాడి చదువుకు ఉపాధ్యాయుల్లాగా తోస్తారు. పట్నంలో చదువుకుని ఓడిపోయి వచ్చిన పిల్లలకు ఇది ఎంత ఊరటనిస్తుందో నాకు తెలుసు. మొదటిసారి నేను ఆగకుండా చదివించుకున్నది దానివల్లే. అప్పుడు నాకూ ఉద్యోగం లేదు.

సినిమా ఈ పనిని ఇంకా తేటగా చేసింది. అక్కడ కథంతా రవి ఫారెస్ట్ సర్వీసు ఇంటర్వ్యూలో కూర్చుని చెప్పే గతం. అంటే నాయనా కాపరులూ అడవిలో కాసిన ఆ రాత్రులన్నీ బోర్డు ముందు చెప్పే ఒక జవాబు. నవలలో లేని ఓబులమ్మను కూడా సినిమా తెచ్చింది. రకుల్ ఆ పాత్రను బాగానే చేసింది, కీరవాణి పాటలు నాకిష్టం, ఆ గొడవ లేదు. కానీ నల్లమలలో నిశ్శబ్దంగా ఉండాల్సిన రాత్రుళ్ళలోకి ప్రేమ వచ్చాక కాపరుల మెలకువ వెనక్కి పోయింది.

మామకు సినిమా ఫోన్లో చూపించాను. గొర్రెలు కనిపించినప్పుడల్లా ముందుకు వంగి చూశాడు, మనుషులు మాట్లాడేటప్పుడు బీడీ వెలిగించుకున్నాడు. రవి భయం పోయే సన్నివేశం వచ్చినప్పుడు ఏమనిపించిందని అడిగాను.

"భయం పోతే ఎట్లప్పా? భయం లేనోడు నిద్రపోతాడు. నిద్రపోయేటోడు మందకు పనికి రాడు."

ఇంత సూటిగా విమర్శ రాయడం నాకు చేతకాదు. భయం కాపరి పనిముట్టు, దోటి లాగా, కుక్క లాగా. దాన్ని పోగొట్టుకుని గెలిచినవాడు కాపరి కాదు, ఇంకేదో అవుతాడు. ఈ నవలలో రవి అయ్యేది అదే.

ఇక మా ఆఫీసు కుర్రాడి ప్రశ్న. అమెరికాలో ఉన్న నా స్నేహితుడు ఒకడు పడమటి రాష్ట్రాల్లో ప్రభుత్వ భూముల్లో ఉచితంగా టెంటు వేసుకుని తిరుగుతుంటాడు. నీళ్ళు, మరుగుదొడ్డి, కరెంటు ఏమీ ఉండవు. సాధారణంగా ఒకచోట 14 రోజుల వరకూ ఉండొచ్చు, తర్వాత కదలాలి. అవే భూముల్లో గొర్రెలు మేపాలంటే పర్మిట్ తీసుకుని రుసుం కట్టాలి, ఆ ఏర్పాటుకు 1934 నుంచీ చట్టం ఉంది. అంటే నిద్రకొక లెక్క, మేతకొక లెక్క, రెండూ కాగితం మీద ఉన్నాయి. మన దగ్గర 1967 నాటి అటవీ చట్టం ప్రకారం రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా అడుగుపెట్టడమే తప్పు, పశువుల్ని మేపడం ఇంకో తప్పు. గుట్ట రెవెన్యూదైతే ఒక మాట, ఫారెస్టుదైతే ఒక మాట. గొర్రెకు ఆ గీత కనపడదు.

కొండ మేత మీద మనకు నెత్తుటి చరిత్రే ఉంది. పల్నాడులో కట్టెకూ మేతకూ పుల్లరి కట్టమంటే జనం తిరగబడ్డారు. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు తూటాలకు బలయ్యాడు. ఆ పేరు మీద విగ్రహాలున్నాయి, బుర్రకథలున్నాయి. ఆ పుల్లరి అనే మాట మాత్రం ఈ తరానికి అర్థం చెబితేగానీ తెలీదు. 2006 అటవీ హక్కుల చట్టం సంచార కాపరులు రుతువును బట్టి వచ్చి మేపుకునే హక్కును గుర్తించింది. అయితే గిరిజనులు కానివాళ్ళు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా, ఆ అడవి మీదే ఆధారపడి అక్కడే ఉంటున్నట్టు చూపించాలి. గొల్ల, కురుబ కాపరులు కరువొచ్చిన ఏడాది పోతారు, వానొస్తే తిరిగొస్తారు. పోయిన రాత్రులకు రసీదు ఎవరిస్తారు?

నవల మీద నా అసలు ఫిర్యాదు ఇక్కడుంది. నల్లమలలో పెద్ద భాగం నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం, దేశంలోకెల్లా పెద్దది. అక్కడ పులిని కాపాడే ఉద్యోగమంటే, మందల్ని లోపలికి రానీయకుండా చూడటం కూడా అందులో భాగమే. పులికి చోటు కావాలి, ఆ మాటతో నాకు పేచీ లేదు. కానీ కాపరి కొడుకు ఆ ఉద్యోగానికి పోవడాన్ని రచయిత ఏ ముడీ లేని గెలుపుగా చూపించాడు. ఇంటర్వ్యూలో గెలిచిన కొడుకూ, వచ్చే కరువుకు మళ్ళీ మంద తోలుకురావలసిన నాయనా ఒకే చెక్‌పోస్టు దగ్గర ఎదురెదురుగా నిలబడే సన్నివేశం ఈ కథ లోపలే ఉంది. సన్నపురెడ్డికి ఆ సన్నివేశం రాసే చేయి ఉంది. రాయలేదు.

ఒక పిడకలవేట. మాకు దగ్గర్లోనే హార్స్లీ హిల్స్ ఉంది. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. 1870 ప్రాంతంలో హార్స్లీ అనే కడప కలెక్టరు చల్లగా ఉందని అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. అప్పట్నుంచీ కొండ పేరే మారిపోయింది. కొండ మీద పడుకున్నవాడు కలెక్టరైతే పేరు మిగులుతుంది. కాపరులకు గుట్టల మీద మిగిలేది పొయ్యి రాళ్ళు.

ఇప్పుడు ఆ రాళ్ళు కూడా అన్నిచోట్లా లేవు. నంబులపూలకుంట దగ్గర వేల ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది, 2016 నుంచీ కరెంటు తీస్తున్నారు. రాత్రిపూట ఆ కంచె పొడవునా బండిలో పోతే, ఎక్కడా ఒక్క మంద చప్పుడు వినపడదు. మామ గొర్రెలమ్మేసి నాలుగేళ్ళయింది. మోకాళ్ళు పోయాయంటాడు. మోకాళ్ళొక్కటే కాదని ఇద్దరికీ తెలుసు. రాత్రి రెండింటికి ఇప్పటికీ లేచి కూర్చుంటాడట, అత్త చెబుతుంది.

సినిమా అయిపోయాక ఫోను నాకు ఇచ్చేస్తూ అడిగాడు:

"ఆ పిల్లోడు ఆఫీసరైనాడు గదా. మళ్ళా యేడు వాళ్ళ నాయన మంద తోలుకొస్తే కొండెక్కనిచ్చినాడా?"

"సినిమా ఆడికే అయిపోయింది మామా."

"పుస్తకంలో?"

పుస్తకం బ్యాగులోనే ఉంది. మామ చదవలేడు. నన్ను చదివి వినిపించమన్నాడు, మొదట్నుంచీ.