సహజకాంతిలో వన్యమృగము

అభిజ్ఞానశాకుంతల ప్రథమాంకమున దుష్యంతుని రథము ముందు పరుగిడు లేడిని సంస్కృత విద్యార్థులందఱును ఎఱుగుదురు. వెనుదిరిగి చూచు మెడ, నోటినుండి జాఱుచున్న సగము నమిలిన గడ్డి: ఇంత సమీపమునుండి మృగమును చూపిన చిత్రము వాఙ్మయమున అరుదు. కాని ఆ సౌందర్యము భయమునుండి పుట్టినది. చూచువాడు విల్లెక్కుపెట్టిన రాజు. కవి ఈ సంగతిని మఱవలేదు. వెంటనే తాపసులను ప్రవేశపెట్టి బాణమును ఉపసంహరింపజేసెను. నేటి వన్యమృగ ఛాయాచిత్రములను మెచ్చుకొనునపుడు మనము లేడి మెడను మాత్రమే చూచుచున్నాము. వింటిని చూచుట లేదు.

పత్రికలలోను ప్రదర్శనములలోను ఇట్టి చిత్రముల విమర్శ యనగా సాధారణముగా కెమేరా పేరు, లెన్సు పొడవు, ప్రతి వెండ్రుకయు తెలియు స్ఫుటత్వము, ఇంతే. ఇవి పనిముట్ల గుణములు, చిత్రగుణము వేఱు. మృగము తన పనిలో తానున్నదా, లేక చిత్రగ్రాహకుని రాకచే కలతచెందినదా యనునది మొదటి ప్రశ్న కావలెను. చెవులు చాచి మీదికి వచ్చు ఏనుగు, తోక నిక్కించి పరుగెత్తు దుప్పి చూపరులకు అద్భుతముగా తోచును. నిజమునకు అవి ఆ మృగములు మనలను తొలగిపొమ్మని చెప్పుట.

ఈ ప్రశ్నకు సహజకాంతి మంచి సాక్షి. క్షీరదములలో పెక్కులు ప్రాతఃకాలమునను సాయంకాలమునను సంచరించును. ఆ వేళల చెట్లక్రింద వెలుతురు తక్కువ. 400 మిల్లీమీటర్ల లెన్సును చేతబట్టి తీయునపుడు చేతివణకు బొమ్మలో పడకుండుటకు, సెకండులో సుమారు 400వ వంతుకు మించి కెమేరా తెఱచియుండరాదని యొక స్థూలసూత్రము కలదు. అందులకు చాలు వెలుతురు ఆ వేళల దొరకుట కష్టము. కావున కెమేరాను దేనిపైననైన ఆనించి, మృగము కదలక నిలుచు క్షణమునకై వేచియుండవలెను. బెదరిన మృగము నిలువదు. ఇట్లు మందకాంతిలో, దగ్గఱగా, చెదరక వచ్చిన చిత్రము ఆ మృగము నెమ్మదిగా నుండెననుటకు కొంత నిదర్శనము. నేటి డిజిటల్ కెమేరాలు అల్పకాంతిలోను వేగముగా తీయగలవు గనుక ఈ సాక్ష్యము పూర్వమంత బలమైనది కాదు. అయినను అదే కారణమున ఫ్లాషు దీపము వాడువారి సాకును పూర్వమంత బలమైనది కాదు.

దీపము వలని దోషము రంగునకు మాత్రమే పరిమితము కాదు. పెక్కు వన్యమృగముల కంటిలోపల, నేత్రపటలము వెనుక, కాంతిని మరల త్రిప్పిపంపు పొర యొకటి కలదు. దీపము సూటిగా పడినపుడు ఆ కన్నులు నిప్పుకణికలవలె మెఱయును. చూపరి దానిని క్రౌర్యమనుకొనును. అది మన దీపమే మనకు తిరిగి కనబడుట.

అయినను దీపమును బొత్తిగా నిందించుట న్యాయము కాదు. నేటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ ప్రాంతముల అడవులలో అటవీశాఖోద్యోగిగా నుండిన ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్, రాత్రివేళ మృగములు నడచు దారులలో తీగలమర్చి, పులి వానిని కదల్చగానే దీపము వెలిగి బొమ్మ పడునట్లు చేసెను. ఆ చిత్రములతో 1927లో గ్రంథమును ప్రకటించెను. వేటయే ఘనతయని యెంచిన కాలమున తుపాకికి బదులు కెమేరా పట్టుడని చెప్పిన ధన్యుడతడు. ఏ రెండు పులుల చారలును ఒక్కతీరున ఉండవని, బొమ్మలవలన ఒక్కొక్క పులిని గుర్తింపవచ్చునని గ్రహించెను. తరువాతి కాలమున శాస్త్రజ్ఞులు పులుల లెక్కకు ఆ చారలనే ఆధారముగా గొనిరి. శాస్త్రమునకు ఇట్టి చిత్రములు అమూల్యములు. కాని అవి గుర్తింపు పత్రములు, జీవితచిత్రములు కావు. దీపపు మేర దాటిన అడవి యంతయు అందు చీకటియే.

ఆ అడవిని మృగముతో కూడ చూపినవారిలో దక్షిణదేశమున ఎం. కృష్ణన్‌గారు (1912-1996) ముఖ్యులు. వీరు తమిళ నవలాకారులు, సంఘసంస్కార ప్రియులు నగు మాధవయ్యగారి కుమారులు. 1950 మొదలు 1996 వఱకు స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతివ్యాసములు వ్రాసిరి. విడిభాగములను తామే కూర్చుకొన్న కెమేరాతో, తఱచు పెంపుడు ఏనుగునెక్కి, నలుపుతెలుపు చిత్రములు తీసిరి. మనుష్యుడు నడచి వచ్చిన పాఱిపోవు మృగములు మనుష్యుని మోయుచున్న ఏనుగును అంతగా శంకింపవు. ఇచట సామీప్యము దొంగిలించినది కాదు, మృగము అనుమతించినది. అడవిదున్నను తీయుటలోని చిక్కును తలపుడు. దాని మేను నల్లన, మోకాళ్ల క్రింద తెలుపు. మేనిలోని కండలు తెలియునట్లు తీసినచో కాళ్లు వెలవెలబోవును. కాళ్లను కాపాడినచో మేను మసిముద్ద యగును. వెలుతురు మెత్తనగు వేళకై కాచుకొను ఓర్పే దీనికి మందు.

ఓర్పునకు విలువ తగ్గిన చోట సందేహమునకు త్రోవ ఏర్పడును. లండను ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాల వారి 2009 సంవత్సరపు పోటీలో, రాత్రివేళ గేటుమీదుగా దుముకుచున్న తోడేలు చిత్రమునకు ప్రథమ బహుమానము వచ్చెను. అది మచ్చికచేసిన తోడేలు కావచ్చునని న్యాయనిర్ణేతలు నిశ్చయించుటచే 2010 జనవరిలో ఆ బహుమానము రద్దయ్యెను. చిత్రగ్రాహకుడు ఆ అభియోగమును నిరాకరించెను. బొమ్మలో ఒక్క గీతయు మాఱలేదు. దాని యర్థము మాత్రము పూర్తిగా మాఱిపోయెను.

కావున పత్రికాధిపతులు ప్రతి వన్యమృగ చిత్రము క్రింద మూడు సంగతులు ముద్రింపవలెను: వెలుతురు ఎక్కడిది, ఎర పెట్టిరా, మృగము స్వేచ్ఛగా తిరుగునదియేనా. పాఠశాలలకు పటములు కొనువారును ఈ మూడింటిని అడుగవలెను. కోఱలు చూపు పులినే పులియని నేర్చుకొన్న బాలుడు పెద్దవాడై అడవికి పోయినపుడు ఆ కోఱలనే వెదకును. అతని కోరిక తీర్చుటకే జీపులు పులిని చుట్టుముట్టును. ఆవులించుచున్న పులిని గర్జించుచున్న పులిగా అచ్చువేయుట మానుటతో ఈ సంస్కారమును ఆరంభింపవచ్చును. దానికి చిల్లిగవ్వ ఖర్చు లేదు.