క్రమము లేనిచోట నియమము

భౌతికశాస్త్ర బోధనయందు జీవితము గడపిన నాబోటివారికి, ఘనపదార్థములలోని కంపనములను గూర్చి చెప్పవలసివచ్చినపుడు, అణువులు బారులుతీరి సమదూరములను పాటించు స్ఫటికమును నల్లబల్లపై గీచి, ఆ పునరావృత్తినుండియే సమస్తమును సాధించుట పరంపరాగతమైన అలవాటు. గాజువలె బారు తప్పిన పదార్థములను పాఠము చివర రెండు మాటలతో సాగనంపుదుము. ఈ అలవాటును మూలమునుండి ప్రశ్నించిన కృషి షికాగో విశ్వవిద్యాలయమున విలియం ఇర్విన్ ప్రయోగశాలలో జరిగినది. దానిని తెలుగు పాఠకులకు వివరింపవలెనని నాకు చిరకాలముగా కోరిక.

2015లో ఆ బృందమువారు 54 గైరోస్కోపులను తేనెపట్టు గదుల వరుసలో వ్రేలాడదీసిరి. ప్రతిదానియందును ఒక మోటారు నిర్విరామముగా తిరుగుచుండును. ఇరుగుపొరుగు గైరోస్కోపుల నడుమ పరస్పరము వికర్షించుకొను అయస్కాంతములే బంధములు. గిఱ్ఱున తిరుగు బొంగరమును ప్రక్కకు నెట్టినచో అది నెట్టిన దిశకు ఒరగక, దానికి లంబముగా తొలగునని బొంగరమాడిన ప్రతి బాలుడును ఎరుగును. ఈ స్వభావము గల వస్తువులు అల్లికగా కూడినపుడు, కొన్ని పౌనఃపున్యములయందు అల్లిక లోపలి భాగము కంపింప నిరాకరించును. కాని అంచుననున్న ఒక గైరోస్కోపును ఆ పౌనఃపున్యముతోనే కదల్చినచో, తరంగము అంచువెంబడి ఒకే దిశగా బయలుదేరి, మూలలు వచ్చినను, మధ్య కొన్ని గైరోస్కోపులు లోపించినను, వెనుకకు మరలక, లోనికి చొరక, ఆ లోపమును చుట్టుకొని సాగిపోవును. వెనుకకు మరలుటకు ఎదురుదిశలో పోగల తరంగమే ఆ అంచున లేదు.

ఈ రక్షణకు మూలము ఒక పూర్ణసంఖ్య. 1982లో థౌలెస్, ఆయన సహచరులు అయస్కాంతక్షేత్రములోని ఎలక్ట్రానుల విషయమున దానిని గుర్తించిరి. 1988లో హాల్డేన్ ఆ ఫలితము తేనెపట్టు జాలకమునందు బాహ్యక్షేత్రము లేకయే సిద్ధింపగలదని చూపెను. 2016లో వారిరువురును కాస్టర్లిట్జ్‌తో కలిసి నోబెల్ బహుమతి నందుకొనిరి. పూర్ణసంఖ్య కొంచెము కొంచెముగా మారజాలదు గనుక, చిన్నచిన్న లోపములు దానిని కదల్పలేవు. ఎలక్ట్రానులకు అయస్కాంతక్షేత్రము చేసిన ఉపకారమునే ఇచ్చట గైరోస్కోపుల భ్రమణము చేయుచున్నది.

ఇంతవరకును జాలకము సక్రమమైనదే. నన్ను మిక్కిలి కదిలించినది ఆ ప్రయోగశాలవారే ఇతర సహచరులతో కలిసి 2018లో ప్రకటించిన ఫలితము. కాగితముపై యదృచ్ఛగా బిందువులను వెదజల్లి, ప్రతి బిందువునకును తనకు సమీపమైన భూమిని పంచి సరిహద్దులు గీచి, ఆ సరిహద్దుల కూడలులయందు గైరోస్కోపులను నిలిపి, సరిహద్దురేఖల వెంబడి పొరుగువానిని బంధించినచో, ఏ రెండు గదులును ఒకటిగా లేని ఆ అల్లికయందును అంచుతరంగము ఏకదిశగా ప్రవహించును! కూడలుల అమరికను మార్చి దాని దిశను మనమే నిర్ణయింపవచ్చును. పునరావృత్తి లేనిచోట ఆ పూర్ణసంఖ్యను గణించు పాతమార్గము మూసికొనిపోవును. అందుచే వారు భౌతికశాస్త్రజ్ఞుడు కిటయేవ్ సూచించిన సూత్రము ననుసరించి, అల్లికయందు ఒక ప్రదేశమును మూడు భాగములుగా విభజించి, వాని పరస్పర సంబంధములనుండియే సంఖ్యను రాబట్టిరి.

దీనిని చదివిన పిదప నాకు నిశ్చయమైన దేమనగా, శిల్పమంతయు ముడియందున్నది. దూరదూరముల బారులను సరిచూచుటలో మేము వెచ్చించిన శ్రద్ధ ఒక్కొక్క కూడలిని, దాని చుట్టునున్న మూడు బంధములను పరిశీలించుటకు మరలవలెను. బోధకుడుగా ఇది నాకు చిన్న మార్పు కాదు. ప్రశ్నాపత్రములు సైతము మారవలసియున్నది.

అయితే ఈ రక్షణను అతిగా పొగడరాదు. అది తరంగమును వెనుకకు మరలనీయదు గాని, ఘర్షణనుండి కాపాడదు. శక్తి కొంత కొంత హరించుకొనిపోవుచునే యుండును. క్రమరాహిత్యము హద్దు మీరినచో, నిషిద్ధ పౌనఃపున్యముల అంతరమే పూడిపోయి అంచుతరంగము నశింపవచ్చును. అయినను, చేతితో ఒక్కొక్కటిగా పేర్చుటకు వీలుకానంత సూక్ష్మములైన భాగములు తమంత తాము కూడుకొను పదార్థములకు, స్ఫటికమంతటి నిర్దుష్టత అవసరము లేదని తెలియుట అపారమైన స్వాతంత్ర్యము: ముడి సరిగా పడునట్లు చూచినచో, తక్కినది యెట్లు చెదరియున్నను ఆ అంచు తన పని తాను చేయును.